నీ సిలువ ఎవరు మోస్తున్నారు తమ్ముడూ?

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను, మాటలు మాత్రం ఆ అబ్బాయివే.

"వందనాలు అక్కా. మాది గుంటూరు, నాకు 27 ఏళ్లు. మిరపకాయల కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను, జీతం 14 వేలు. రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను. ఇంట్లో నేనొక్కడినే విశ్వాసిని, అమ్మా చెల్లీ గుడికి వెళతారు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధన మానలేదు, శుక్రవారం ఉపవాస ప్రార్థన మానలేదు, నెలనెలా 1,400 దశమభాగం ఇస్తున్నాను, సినిమాలు మానేశాను, ప్రసాదం ముట్టను. రెండు వారాల కిందట శుక్రవారం అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. ప్రార్థన మానకూడదని నేను వెళ్లలేదు, చెల్లే సెలవు పెట్టి ఆటోలో తీసుకెళ్లింది. ఆ రాత్రి 'యేసు దగ్గరికి వెళ్లాక నువ్వు మాకు లేకుండా పోయావన్నా, నీలో ఏం మారిందో చెప్పు' అంది. విశ్వాసికి శ్రమలు తప్పవని ఊరుకున్నాను గానీ నిద్ర పట్టడం లేదు. అసలు నిజమైన యేసు శిష్యుడంటే ఎవరు? నేనింకా ఏం చెయ్యాలి? ఇంకొకటి, కొట్లో కాటా వేసినప్పుడు బస్తాకి కిలో తగ్గించి రాయమంటారు మా ఓనరు, ఆయన మా సంఘంలో పెద్ద కూడా. మొన్న పల్నాడు నుంచి ఒక ముసలాయన 22 బస్తాలు తెచ్చాడు. 'సరిగ్గా రాశావా బాబూ' అని అడిగితే 'రాశాను తాతా' అన్నాను. మా లైన్లో అందరూ అంతే, నేను జీతానికి చేసేవాణ్ణి, అది నా పాపం కిందకి రాదనుకుంటున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా కళ్లు ఆ "ఇంకొకటి" దగ్గరే ఆగాయి. అంత పెద్ద ఉత్తరంలో చివర్న ఇరికించి రాసిన ఆ నాలుగు మాటలే అసలు ఉత్తరం అనిపించింది. చెల్లి అన్న మాటకి నిద్ర పట్టడం లేదని అనుకుంటున్నావు, నిజమే అయుండొచ్చు, కానీ పాపం కిందకి రాదని నమ్మినవాడు ఆ సంగతి పనిగట్టుకుని నాకెందుకు రాస్తాడు? ఆ ముసలాయన ఏ మాటతో అడిగాడో, నువ్వు ఏ మాటతో జవాబిచ్చావో కూడా గుర్తుంది నీకు. అది నీ మనస్సాక్షి ఇంకా బతికే ఉందనడానికి గుర్తు, నాకు చాలా సంతోషమేసింది.

శిష్యుడంటే ఎవరని అడిగావు కదా. "క్రైస్తవుడు" అనే మాట కొత్త నిబంధన మొత్తంలో మూడు చోట్లే ఉంది, యేసు నోట ఒక్కసారి కూడా రాదు. ఆయన పదే పదే వాడిన మాట "నన్ను వెంబడించు". తెలుగు బైబిల్లో ఈ మాట ఎంత బాగా కుదిరిందో చూడు, వెంబడించడం కాళ్లతో చేసే పని. ముందు నడిచేవాడు ఎటు తిరిగితే మనమూ అటు తిరగాలి. మనం ఒక చోట కూర్చుని ఆయన పేరు ఎన్నిసార్లు తలుచుకున్నా వెంబడించినట్టు కాదు.

లూకా తొమ్మిదో అధ్యాయంలో ఈ వచనం నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను." నువ్వు ఇందులో "సిలువ" అనే మాట దగ్గర ఆగుతున్నావు, నేను నిన్ను "తన" దగ్గర ఆగమంటున్నాను. తన సిలువ. యేసును వెంబడిస్తే ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు వెంబడించేవాడే పెట్టుకోవాలి. ఇప్పుడు నీ ఉత్తరం ఇంకోసారి చదువుకో. నువ్వు శుక్రవారం ప్రార్థనలో కూర్చున్నందుకు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? మీ చెల్లి ఒకరోజు సెలవు పెట్టుకుంది, మీ అమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు తిరిగి చూస్తే కొడుకు లేడు. నీ ఉద్యోగం నిలబడడానికి, అందులోంచి నీ దశమభాగం రావడానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? పల్నాడు నుంచి వచ్చిన ఆ తాత. నీ సిలువ వాళ్లంతా తలా కాస్త మోస్తున్నారు తమ్ముడూ.

ఇది నీ మీద కోపంతో రాయడం లేదు. నేనూ ఇలాగే బతికాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, ఇంట్లో ఉదయం సాయంత్రం కుటుంబ ప్రార్థన, నేను సండే స్కూల్లో పిల్లలకి వాక్యం చెప్పేదాన్ని. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె కూడా మా సంఘంలోదే. ఆమెకి టీ పొయ్యడానికి వేరే గ్లాసు ఉండేది, వెనక వసారా కిటికీలో బోర్లించి ఉండేది, స్టీలు గ్లాసు, అంచున చిన్న నొక్కు. ఆ గ్లాసు నేను పెట్టింది కాదు, మా అత్తగారి కాలం నుంచి అలాగే ఉంది, కాబట్టి నాకు అది కనిపించేది కూడా కాదు. ఒక ఆదివారం ప్రభు రాత్రి భోజనం దగ్గర నేను మోకరించాక చూస్తే నా పక్కన ఆమె ఉంది. ఒకే గిన్నెలోంచి ఆమె తాగింది, తర్వాత నేను తాగాను. మర్నాడు పొద్దున టీ పొయ్యడానికి కిటికీలోంచి ఆ గ్లాసు తీశాను, అంతే, నా చెయ్యి ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి మేం తాగే గ్లాసులో పోసి ఇస్తే ఆమె తీసుకోలేదు. "వద్దమ్మగారూ, నా గ్లాసుందిగా" అంది. పన్నెండేళ్లుగా నా భక్తికి ఖర్చు ఆమె పెట్టుకుంటూ వచ్చిందని ఆ మాటతో నాకు అర్థమైంది. క్షమించమని అడిగాను, ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ ఆమె మా వంటింట్లో కుర్చీ మీద కూర్చుని స్థిమితంగా టీ తాగడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. సంవత్సరాల తరబడి చేసిన గాయం ఒక్క ప్రార్థనతో మానదు.

అందుకే "మా లైన్లో అందరూ అంతే" అనే మాట అంటే నాకు భయం. నా గ్లాసు కూడా అందరి ఇళ్లలో ఉన్నదే.

ముందు కాటా సంగతి మాట్లాడదాం. యేసు లేవీని పిలిచింది ఎక్కడ? గుడిలో కాదు, ప్రార్థన కూడికలో కాదు, సుంకపు మెట్టు దగ్గర, అంటే పన్నులు వసూలు చేసే చోట. లెక్కలు రాసుకునే చోట కూర్చున్నవాణ్ణి చూసి, అక్కడికే వచ్చి, నన్ను వెంబడించు అన్నాడు. మీ కొట్లో నువ్వు కూర్చునే బల్లలాంటిదే అనుకో. దానికి ముందే బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు, వస్తారు, బాప్తిస్మం తీసుకోవడానికే వస్తారు, "మేమేమి చేయవలెను" అని నువ్వడిగిన ప్రశ్నే అడుగుతారు. ఆయన వాళ్లకి ఉపవాసాల పట్టిక ఇవ్వలేదు, ఉద్యోగం మానెయ్యమనీ అనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. నీకు బాప్తిస్మం ఇచ్చే ముందు సినిమాల గురించి అడిగి ఉంటారు, సిగరెట్టు గురించి అడిగి ఉంటారు. కాటా గురించి ఎవరైనా అడిగారా? అడిగి ఉండాల్సింది. సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే అది: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." పాటలు, పండగలు, ఉపవాసాలు ఎంత ముఖ్యమో ఆయనకి త్రాసు కూడా అంత ముఖ్యం.

జీతానికి చేసేవాణ్ణి అన్నావు. నిజమే, ఆ కిలో డబ్బు నీ జేబులోకి రాలేదు. కానీ ఆ తాత అడిగింది మీ ఓనరుని కాదు. ఆయనకి అంకెలు సరిగా కనిపించవేమో, చదువు రాదేమో, నీ మొహం చూసి నమ్మకం కుదిరి నిన్ను అడిగాడు. "రాశాను తాతా" అన్నది నీ నోరే కదా. 22 బస్తాలంటే 22 కిలోలు. కిలో 120 రూపాయల చొప్పున వేసుకున్నా 2,640 అవుతుంది. ఏ ధరకి అమ్ముడుపోయిందో నువ్వే రాశావు గనుక అసలు లెక్క నాకంటే నీకే బాగా తెలుసు. మిరప పంట అంటే ఏమిటో గుంటూరువాడివి నీకు చెప్పాలా, విత్తనం దగ్గర అప్పు, పురుగుమందు దగ్గర అప్పు, కోత కూలి దగ్గర అప్పు. ఆ 2,640 ఆయన ఇంట్లో దేనికి తక్కువ పడిందో మనకి తెలియదు.

మరి ఏం చెయ్యాలి? మీ ఓనరుతో మాట్లాడు. నలుగురి ముందు కాదు, సంఘంలో లేచి కాదు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, మత్తయి 18లో చెప్పినట్టు. అరవక్కర్లేదు, వాక్యం ఎత్తి పొడవక్కర్లేదు. "సార్, కాటాలో ఏం కనిపిస్తే అదే రాస్తాను, తగ్గించి రాయడం నావల్ల కాదు" అను చాలు. ఆయన గురించి నేను తీర్పు చెప్పను, నాకు ఉత్తరం రాసింది ఆయన కాదు. మిర్చి వ్యాపారంలో తూకం దగ్గర తేడా రానివ్వని మనుషులు ఉన్నారు, నేనెరుగుదును. ఆయన వింటే మంచిదే. వినకపోతే నీ ఉద్యోగం పోవచ్చు. ఈ మాట దాచిపెట్టి నీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అడిగాడు, కాబట్టి నువ్వూ కూర్చుని చూసుకో. ఇంటి అద్దె ఎంత, అమ్మ మందులకెంత, రెండు నెలలు పని లేకపోతే ఎలా, చెల్లితో కూడా కూర్చుని మాట్లాడు. వేరే కొట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో లెక్కలు రాసేవాళ్లు కావాలేమో ఇప్పటి నుంచే కనుక్కో. అయితే వేరే పని దొరికేదాకా అబద్ధం రాస్తూ ఉంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. రేపు పొద్దున కొట్టుకి వెళ్లింది మొదలు నీ కంటికి కనిపించని అంకె నీ చేత్తో రాయకు.

ఆ తాత డబ్బు ఆయనకి చేరాలి. పుస్తకంలో ఆయన పేరు, ఊరు ఉంటాయి. ఈ నెలా వచ్చే నెలా నువ్వు ఇచ్చే 1,400 చొప్పున కలిపితే సరిపోతుంది. దశమభాగం ఆపెయ్యమంటోంది ఈవిడ అని కొందరు అనుకోవచ్చు, అనుకోనీ. బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తూ ఉండగా నీమీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే ఆ అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు యేసు, నేను కనిపెట్టిన మాట కాదు ఇది. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని ఆయన పరిసయ్యుల్ని ఎంత గట్టిగా అడిగాడో మత్తయి 23లో ఉంది. మీ పాస్టర్ గారికి కారణం సూటిగా చెప్పు. ఆయన మంచి కాపరి అయితే నీతో పాటు పల్నాడు బస్సెక్కుతాడు.

ఇక అమ్మ. ఇక్కడ నాకు నిజంగా బాధేసింది. దేవుడికి ఇచ్చేశాను కాబట్టి అమ్మానాన్నలకి ఇవ్వక్కర్లేదు అనేవాళ్లు యేసు కాలంలోనూ ఉన్నారు, దానికి "కొర్బాను" అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు. మార్కు ఏడో అధ్యాయం తీసి చదువు. దేవుడి పేరు చెప్పి తల్లికి చెయ్యాల్సింది ఎగ్గొట్టడం దేవుడి వాక్యాన్నే కొట్టివెయ్యడం అన్నాడాయన. అసలు మనం శుక్రవారం ఉపవాసం ఎందుకుంటాం? ఆయన సిలువ వేయబడిన రోజని. ఆ శుక్రవారం ఆయన ఏం చేశాడు? మేకులు కొట్టిన చేతులతో వేలాడుతూ కిందికి చూసి, అక్కడ తల్లి నిలబడి ఉంటే, పక్కనున్న శిష్యుడితో "ఇదిగో నీ తల్లి" అన్నాడు. లోకం పాపమంతా మోస్తున్న ఆ గంటలో కూడా అమ్మని ఎవరింట్లో పెట్టాలో చూసుకున్నాడు. ఆ రోజు పేరు మీద ఉపవాసముండి మీ అమ్మని ఆటోలో వదిలేశావు.

తల్లిని తండ్రిని ద్వేషించకపోతే నా శిష్యుడు కానేరడని లూకా 14లో ఉంది కదా అంటావేమో. ఉంది. అందులోనే "తన ప్రాణమును సహా" అని కూడా ఉంది. ఇంట్లో వాళ్లు ఆయన్ని వదిలెయ్యమని అడ్డం నిలబడినప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరికి మొదటి చోటు ఇస్తావన్నది అక్కడి మాట. మీ అమ్మ నీ బైబిలు దాచిందా? ఆరాధనకి వెళితే ఇంట్లోంచి పొమ్మందా? ఆవిడ అడిగిందల్లా ఆస్పత్రికి తోడు రమ్మని. ఇక చెల్లి మాటని శ్రమల్లో కలపకు. దొంగగా గానీ దుర్మార్గుడిగా గానీ బాధ అనుభవించొద్దని పేతురు రాశాడు, క్రైస్తవుడైనందుకు వచ్చే బాధ వేరు, మన తప్పుకి వచ్చే బాధ వేరు. ఆ అమ్మాయి నిజం చెప్పింది. నీకు వాక్యం చెప్పినవాళ్లకంటే సూటిగా చెప్పింది.

ప్రసాదం సంగతి పెద్దది చెయ్యకు. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే తినకు, కానీ అమ్మ చెయ్యి చాచినప్పుడు మొహం తిప్పుకోకుండా "వద్దులే అమ్మా" అని నవ్వుతూ చెప్పొచ్చు కదా.

మన ఊళ్లోనే ఉన్న ఒక సంగతి చెబుతాను. 1842లో హేయర్ గారనే మిషనరీ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారని తెలుసు కదా. ఆ మిషన్‌కే 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆమెను పంపిన బోర్డు అప్పటికి వైద్యం పని పెట్టుకోవడానికి సిద్ధంగా లేదు, ఇళ్లలోని ఆడవాళ్ల మధ్య పనికే పంపింది. ఆమె మాత్రం మందులు వెంట తెచ్చుకుంది. పదిహేనేళ్ల తర్వాత, 1898లో, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచారు. 1930లో కన్నుమూసేదాకా, 47 ఏళ్లు, ఆమెది ఈ ఊరే. మగ డాక్టరుకి చెయ్యి కూడా చూపించని కాలంలో ఆమె చేతుల్లో పురుడు పోసుకున్న తల్లులు ఎక్కువమంది మీ అమ్మలాగా గుడికి వెళ్లే తల్లులే. యేసు ఎలాంటివాడో వాళ్లకి తెలిసింది ఆ చేతుల ద్వారానే. రెండేళ్లుగా మీ అమ్మ యేసును నీలో చూస్తోంది తమ్ముడూ. ఆవిడకి ఎలాంటి యేసు కనిపించి ఉంటాడో ఒక్కసారి ఆవిడ వైపు నుంచి ఆలోచించు.

"నేనింకా ఏం చెయ్యాలి" అని అడిగావు. ఆ "ఇంకా" అనే మాట చూస్తే నువ్వు ఎంత అలిసిపోయావో తెలుస్తోంది. చేసిన పనుల పట్టిక పెంచుకుంటూ పోతే దేవుడు దగ్గరవుతాడని నీకెవరో నేర్పారు. సుంకరి జక్కయ్య కథ చూడు, ముందు యేసే నీ ఇంటికి వస్తానన్నాడు, వెళ్లాడు, జక్కయ్య లేచి నిలబడి అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు చెల్లిస్తానన్నది ఆ తర్వాతే. ఆ డబ్బు తిరిగి ఇచ్చి అతను యేసును కొనుక్కోలేదు. తన గడప తొక్కినవాడి ముందు దొంగ లెక్క పెట్టుకుని కూర్చోలేకపోయాడు, అంతే. నీకు నిద్ర పట్టకపోవడం కూడా అలాంటిదేనని నాకనిపిస్తోంది. ఆయన వచ్చి నీ బల్ల దగ్గర నిలబడ్డాడు.

నీ కోసం ప్రార్థన చేస్తున్నాను, ఆ తాత కోసం కూడా. ఈ రాత్రి నువ్వు మోకరించే ముందు చెల్లి దగ్గరికి వెళ్లి తప్పు నాదే అని చెప్పు, వాక్యం ఏదీ కలపకుండా. ఆపరేషనయ్యాక కొన్ని వారాలు కంట్లో చుక్కల మందు వేళ తప్పకుండా వెయ్యాలి, ఇప్పటిదాకా చెల్లే వేస్తూ ఉండుంటుంది. ఏ సీసా ఎప్పుడో, ఎన్ని చుక్కలో ఆమెనే అడిగి రాసుకో, ఇక నుంచి నువ్వు వెయ్యి. వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కో. మళ్లీ చెకప్ ఏ రోజో కనుక్కో, శుక్రవారమైతే పాస్టర్ గారికి ముందే చెప్పేసి అమ్మతో వెళ్లు.